ఒక చివరే అతికిన గాజు

మధ్యాహ్నం రెండూ పది. సాయంత్రం ఐదింటికి బీమా కంపెనీ పరిశోధకుడు తన రిపోర్టు మీద సంతకం పెడతాడు. అది పడితే రేపు పొద్దున్నే పోలీసులు పెద్దాయన తలుపు కొడతారు. అంటే నా చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు.

పెద్దాయన నా ఎదురుగా మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఇల్లు కొనేవాళ్ళు కొనేముందు ఆయన్ని పిలుస్తారు. పునాది నుంచి పైకప్పు దాకా ఆయన తట్టి, గీకి, కొలిచి, ఇది కొనొచ్చు, ఇది వద్దు అని రాసిస్తాడు. నలభై ఏళ్ళలో ఆయన కొనొచ్చన్న ఇల్లు ఒక్కటీ కూలలేదు. తొమ్మిది రోజుల క్రితం ఒకటి కూలింది. పల్లెటూళ్ళో పాత ఇల్లు. వెనక గది గోడ పడి, ఆ ఇల్లు కొని మూడు నెలలు కూడా కాని మనిషి దాని కింద పోయాడు.

"మళ్ళీ మొదట్నించి చెప్పండన్నా," అన్నాను.

"ఎన్నిసార్లురా డిపో?"

"లెక్క కుదిరేదాకా."

కలప డిపో మూసేసి పదేళ్ళయినా నన్నందరూ డిపో అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళు దుంగలు కొని అమ్మాను. పైకి గట్టిగా కనిపించే దుంగను తట్టి, లోపల పుచ్చు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాణ్ణి. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివుగా అదే పని మనుషుల మీద చేస్తున్నాను. ఈ వ్యాపారంలోకి నన్ను తెచ్చింది ఈ పెద్దాయనే.

"మూడో తారీఖు వెళ్ళాను," అన్నాడు. "ఒక పూటంతా పట్టింది. వెనక గది గోడకి నిలువునా చీలిక. అమ్మేవాడు దాచలేదు, తనే చూపించాడు. ముప్పై ఏళ్ళ నాటిదన్నాడు. చీలిక పాతదై ఆగిపోతే భయం లేదు. ఇంకా కదులుతుంటేనే భయం. తేల్చాలి కదా, గాజు పెట్టాను."

గాజు పెట్టడమంటే పెద్ద విద్యేం కాదు. వేలెడంత గాజుముక్కను చీలికకు అడ్డంగా పెట్టి, రెండు చివరలనూ అటూ ఇటూ గోడకు అతికిస్తారు. దాని మీద తేదీ రాస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కున విరుగుతుంది. ఇరవై ఒక్క రోజుల తర్వాత వచ్చి చూస్తారు. విరక్కపోతే గోడ నిలకడగా ఉన్నట్టు.

"ఇరవై నాలుగున మళ్ళీ వెళ్ళాను. పదకొండుంపావుకి. గాజు నిండుగా ఉంది. సంతకం పెట్టాను."

"ఎవరున్నారప్పుడు?"

"కొనేవాడు. అమ్మేవాడు తాళాలు అతని దగ్గరే ఉంచాడు, తీసింది అతనే."

"వాళ్ళావిడ మీరు ఒక్కసారే వచ్చారంటోంది. మీరు రెండోసారి రాకుండానే వచ్చినట్టు రాశారని బీమా వాడంటున్నాడు. రెండోసారి మిమ్మల్ని చూసిన మనిషి ఒక్కడే, అతను లేడు."

"నేను వెళ్ళానురా," అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం లేదు. అదే నాకు నచ్చలేదు.

నా కోసం నీళ్ళు పోశాడు. కూజా ఎత్తి, రెండో చేత్తో గ్లాసు పట్టుకుని, చూపుడువేలు గ్లాసు లోపలికి వంచి పెట్టాడు. నీళ్ళు వేలికి తగలగానే ఆపాడు.

జేబులోంచి మడత కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇది మీ రిపోర్టు నకలు. చివరి పేరా చదవండి."

కాగితాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, గొంతు సవరించుకుని చదివాడు. "వెనక గది గోడలోని చీలిక పాతది. ఇరవై ఒక్క రోజుల పరిశీలనలో కదలిక కనపడలేదు..." ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"అన్నా, అది మా ఇంటి కరెంటు బిల్లు."

ఆయన కాగితాన్ని నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకున్నాడు. దాన్ని వేళ్ళతో నిమిరాడు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"ఆర్నెల్లు. ఎడం కన్ను పూర్తిగా పోయింది. కుడికన్నుకి పక్కలు తెలుస్తాయి, నడిమధ్య మసక. ఎవరికీ తెలీదు. మీ వదినకీ తెలీదు." నా వైపు, నాకు జానెడు పక్కకి, చూశాడు. "ఈ పని తప్ప నాకింకేం వచ్చురా? పొద్దున లేచి ఎక్కడికి పోను?"

"మరి గాజు నిండుగా ఉందని ఎలా చెప్పారు?"

"వేలితో. విరిగితే గీత వేలికి తగులుతుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి చూశాను. నున్నగా ఉంది. అంచులు కూడా ఎంత నున్నగా..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆయనకూ, నాకూ ఒకేసారి తట్టింది. పాత ఫొటో ఫ్రేముల గాజును ఆయన తనే కోసుకుంటాడు. అంచులు అరగదీయడు. ఆయన వేళ్ళ నిండా ఆ కోతల గుర్తులే.

"నేను పెట్టిన గాజు వేలు కోస్తుందిరా డిపో," అన్నాడు నెమ్మదిగా. "అది నా గాజు కాదు."

లేచాను. గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "కళ్ళ సంగతి బయటపెట్టకు." నేను మాట ఇవ్వలేదు. నలభై ఏళ్ళు ఆయన మాట మీద జనం ఇళ్ళు కొన్నారు. ఇచ్చి తప్పేకన్నా ఇవ్వకపోవడమే మేలనిపించింది.

* * *

మూడూ ఐదుకు ఆ ఇంటికి చేరాను. ముందు రెండు గదులు, మధ్యలో వంటిల్లు, దాని పక్కన చీకటి గది, వెనక ఒక గది. మందపాటి మట్టిగోడలు, పెంకుల కప్పు. ముందు గదిలో అత్తగారు, చుట్టాలు కలిసి ఏడుగురు చాపల మీద కూర్చుని ఉన్నారు. వెనక గది ఉన్నచోట మట్టి, పెంకులు, వంగిన తలుపు. ముందు గది నుంచి వచ్చిన నడిదూలం ఒక కొస గాల్లో వేలాడుతోంది.

ఆ కుప్ప పక్కనే బీమా పరిశోధకుడు నోటుబుక్కుతో నిలబడి ఉన్నాడు. పోలీసు ఉద్యోగం వదిలి బీమా కంపెనీలో చేరిన మనిషి. ఎంత ఉక్కలోనైనా మెడకు టై ఉండాల్సిందే. మా వ్యాపారంలో అందరూ టై బాబు అంటారు.

"రావయ్యా డిపో! కట్టెలు కొట్టేవాళ్ళు కూడా డిటెక్టివులైపోతే మేమెక్కడికి పోవాలి?"

"కట్టెలు అమ్మాను సార్, కొట్టలేదు. కొట్టడం మీ పాత డిపార్టుమెంటు పని."

"నోరు బాగానే పనిచేస్తోంది. ముసలాయన్ని కాపాడ్డానికి వచ్చావు కదూ? కాపాడలేవు. ఒక్కసారొచ్చి రెండుసార్లని రాశాడు. ఆ అబద్ధం మీద ఒక మనిషి చచ్చాడు. తేలిపోయింది."

"మరి ఈ జాకీ?"

మట్టిలోంచి ఇనుప జాకీ ఒకటి తల బయటపెట్టి ఉంది. స్లాబు పోసేటప్పుడు కింద ఆసరాగా నిలబెడతారే, అది. దాని పక్కన గునపం. గోడ మొదట్లో మోకాలి లోతు గుంత.

"అతనే గోడ కూల్చి కిటికీ పెట్టుకోవాలనుకున్నాడేమో. అదీ రాసుకున్నాను. ముసలాయన తప్పయితే ఆయన దగ్గర రాబట్టుకుంటాం, అతని తప్పయితే ఇవ్వనక్కర్లేదు. ఎటు తిరిగినా కంపెనీకి ఢోకా లేదు."

"కూల్చేవాడు ఆసరా ఎందుకు తెస్తాడు సార్?"

జాకీ మీద ఎర్ర రంగుతో ఉన్న ఫోన్ నంబరుకు ఫోన్ చేశాను. అద్దెకిచ్చే షాపువాడు గుర్తుపట్టాడు. "ఆ మిషన్ మెకానిక్ గారే కదండీ? గోడ పడడానికి ముందురోజు సాయంత్రం ఏడింటికి రెండు జాకీలు తీసుకెళ్ళాడు. పొద్దున ఎనిమిదింటికల్లా ఇంకో నాలుగు కావాలన్నాడు. ఇంత తొందరేంటన్నా అనడిగాను. మా ఆవిడకి చెప్పకండి అన్నాడు. దాన్లో చెప్పకపోవడానికేముందో నాకర్థం కాలేదు."

స్పీకరు పెట్టే మాట్లాడించాను. టై బాబు నోటుబుక్కు మూశాడు.

చనిపోయినతను కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. సన్నపని చేసే చేతులు. గోడ పని అతనిది కాదు. ఒరిగిన గోడకు ఆసరా పెట్టాలంటే జాకీని దూరంగా ఆనించాలి. అతను గోడ మొదట్లోనే గుంత తవ్వాడు. ఆ వారమంతా కురిసిన వానకు నానిన మట్టిగోడ కాళ్ళ కిందే గుంత తవ్వితే అది ఎటు పడుతుందో మా డిపోలో కూలీలకు కూడా తెలుసు. అతనికి చెప్పే మనిషి లేడు. ఎందుకంటే అతనెవరికీ చెప్పలేదు.

"ఇంకోటి చెప్పనా," అన్నాడు టై బాబు గొంతు తగ్గించి. "పక్కింటాయన వార్తలు వింటుంటే గోడ పడిన చప్పుడైంది. ఆరూ నలభై. అతని భార్య, ఈవిడ, ఆస్పత్రి ల్యాబులో నైట్ డ్యూటీ దిగి రోజూ సరిగ్గా ఆరూ నలభైకే ఇంట్లో అడుగుపెడుతుంది. గడియారం తప్పినా ఈవిడ తప్పదట. ఆ రోజొక్కటే ఏడింటికొచ్చింది. ఆ ఇరవై నిమిషాలు ఎక్కడుందో నువ్వడిగావా? నేనడుగుతా."

"నేనే అడుగుతాను. ముందు నన్నీ మట్టి చూడనివ్వండి."

"చూడు. ఎండలో నీ ఇష్టం. ముందు గదులకేం ఢోకా లేదు, నేను చూశాను. కావాలంటే వెళ్ళి నీళ్ళు తాగు."

ముప్పై అయిదు నిమిషాలు చేతులతో మట్టి పక్కకు తీశాను. గోడ ఎక్కడ చీలిందో అక్కడి పెళ్ళలు ఎక్కడ పడి ఉండాలో లెక్కేసుకుని, వంగిన తలుపు ఎత్తించాను. దాని కింద, సున్నం పూతతో సహా ఊడిన గోడపెళ్ళ ఒకటి. దాని మీద గాజు.

నిండుగా ఉంది. ఒక్క గీత లేదు.

గోడంతా రెండుగా చీలి పడితే చీలిక మీది గాజు ఎలా మిగిలింది? తిప్పి చూశాను. ఒక చివర గట్టిగా అతికి ఉంది. రెండో చివర కింద జిగురన్నదే లేదు. పైపైన సున్నం పులిమారు, అంతే. గోడ జానెడు కదిలినా ఈ గాజు విరగదు. విరక్కూడదనే అలా పెట్టారు.

ఎర్ర పెన్సిలుతో మూడో తారీఖు రాసి ఉంది. పెద్దాయన అంకెల్ని చూసి చూసి, అచ్చు దించినట్టు రాశారు. అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. ఒక కొస మసకగా, పెన్సిలుతో రాసుకోవడానికి వీలుగా ఉంది. రక్తం చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద పెట్టే స్లైడు అది.

రక్తపరీక్షలు చేసే మనిషి ఈ ఇంట్లో ఒక్కతే.

స్లైడును రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను. ఒక పక్క పెద్దాయన. ఇది చూపిస్తే ఆయన రెండోసారి వచ్చాడని తేలుతుంది, మోసం చేసింది ఆయన కాదని తేలుతుంది. ఇంకో పక్క ఆ అమ్మాయి. ఇన్నేళ్ళలో ఎన్నో తూచాను గానీ, ఏ పళ్ళెం కిందికి దిగినా నాకే నష్టమనిపించిన తూకం ఇదొక్కటే.

* * *

చనిపోయినతని భార్య వంటింటి పక్క తలుపు మెట్టు మీద కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. అయిదు రోజుల క్రితం నా దగ్గరికొచ్చి ఆవిడ అడిగింది ఒక్కటే. బీమా కోసం కాదు, ముసలాయన్ని జైల్లో వేయించడానికీ కాదు. "మా ఆయనకు గోడ సంగతి ముందే తెలుసా బాబాయ్? ఈ ఇల్లు కావాలని తొందరపెట్టింది నేనే. ఆయన వద్దనుకుని కూడా నాకోసం ఒప్పుకున్నాడా? అదొక్కటి తేల్చండి."

"తేలిందా?" అంది నన్ను చూసి.

"ఆ రోజు ఇరవై నిమిషాలు ఎందుకు ఆలస్యమైందమ్మా?"

"పాల కోసం. ఆరూ పదికి ఫోన్ చేశాడు. వచ్చేటప్పుడు పాలు తెమ్మన్నాడు. పొద్దున్నే ఏ షాపూ తియ్యలేదు. మూడు వీధులు తిరిగాను."

"ఫోన్లో ఏమైనా తేడాగా అనిపించిందా?"

"నేను మామూలుగా మాట్లాడితే కదా తేడా తెలియడానికి? అప్పటికి మూడు రోజులుగా పోట్లాట." కొంగు కొస వేలికి చుట్టుకుంది. "పెళ్ళయిన పదకొండేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారాం బాబాయ్. ప్రతిసారీ సామాను కట్టడం, విప్పడం. సొంతిల్లు కొన్నాక విప్పుదామని ఒక అట్టపెట్టె కట్టిపెట్టాను. పెళ్ళిలో ఇచ్చిన కప్పులు, గోడకి తగిలించుకునే అద్దం, నేను కుట్టిన తెరలు. ఏడిళ్ళూ తిరిగింది గానీ తాడు విప్పలేదు. ఇక్కడికొచ్చిన మర్నాడే విప్పబోతే వద్దన్నాడు. వచ్చే వారం విప్పుదువుగానిలే అన్నాడు. ప్రతి వారం అదే మాట. చివరికి నాకు తిక్క రేగింది. నా ఇంట్లో నా పెట్టె నేను విప్పుకోవడానికి నీ ముహూర్తమేంటి అన్నాను."

"ఇంకా?"

"మంచం జరిపాడు. ముందు గదిలో ఎంత గాలొచ్చేదని! వంటింటి పక్కన చీకటి గదిలోకి ఈడ్చుకుపోయాడు. డ్యూటీ నుంచొచ్చి చూస్తే నా మంచం లేదు. వెలుతురుంటే నీకు పగలు నిద్ర పట్టదు కదా అన్నాడు. నిన్నెవడడిగాడు అన్నాను." తల తిప్పేసుకుంది. "ఆయన చేసిన ప్రతి పనికీ నేనో మాట అన్నాను."

జేబులో నా చెయ్యి రుమాలును పట్టుకుని ఉంది. బేరంలో నా చేతులు నన్నెప్పుడూ పట్టించేవి కావు. ఆ రోజు పట్టించాయి.

"ఏముంది బాబాయ్ జేబులో?"

"ఏం లేదమ్మా."

"ఇటివ్వండి."

ఇచ్చాను. రుమాలు విప్పింది. మసక కొసను బొటనవేలితో ఒక్కసారి రాసింది. రోజూ వందసార్లు ముట్టుకునే వస్తువు, చూడనక్కర్లేదు.

"ఇది నాది," అంది. "ఊళ్ళల్లో క్యాంపులకి తీసుకెళ్ళే సంచీలోది. యాభై ఉండాలి. పోయిన నెల లెక్కపెడితే నలభై ఎనిమిదే ఉన్నాయి. నువ్వు తీశావా అంటే, మిషన్ సూది ఎంత అరిగిందో చూడ్డానికి తీశానన్నాడు." గాజును వెలుతురుకు ఎత్తింది. తేదీ చదివింది. కింద ఒక చివరే జిగురు ఉండటం చూసింది. తెలివైన మనిషి, నేను విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

"పెద్దాయన పెట్టింది విరిగిపోయింది. అవునా?"

"అయి ఉండాలమ్మా."

"విరిగిందని చెప్తే ఈ ఇల్లు వద్దనేవాళ్ళు. మళ్ళీ నేను ఎనిమిదో అద్దింటికి సామాను కట్టాలి." స్లైడును మళ్ళీ రుమాల్లో చుట్టింది. "నాకు సామాను కట్టడమే బాగా వచ్చు బాబాయ్. ఇంకోసారి కట్టేదాన్ని. అడిగితే కట్టేదాన్ని కదా!"

నా అరవై ఏళ్ళలో నష్టాలు చాలా చూశాను. కలప డిపో తగలబడ్డప్పుడు కూడా బూడిదలో మేకులు ఏరుకున్నాను, అవైనా పనికొస్తాయని. ఆ మెట్టు దగ్గర మాత్రం ఏరుకోవడానికి నాకేమీ కనపడలేదు.

అంతలో ఆవిడే కళ్ళు తుడుచుకుంది.

"రెండు తగ్గాయి," అంది. "ఒకటి ఇక్కడుంది. రెండోది?"

అప్పుడే నాకు మంచం జరిపిన సంగతి తట్టింది. "మంచం ముందు గదిలో ఏ గోడ పక్కన ఉండేది?"

"వీధి వైపు గోడకి. ఇప్పుడక్కడ క్యాలెండరుంది. ఆయనే తగిలించాడు."

నాలుగూ ఇరవై. లోపలికి పరుగెత్తాను. ఏడుగురి మధ్యలోంచి దాటి క్యాలెండరు ఎత్తాను. దాని వెనక, దూలం కొస గోడలోకి దిగే చోటుకి బెత్తెడు కింద, నిలువునా చీలిక. దానికి అడ్డంగా స్లైడు. ఈసారి రెండు చివరలూ గట్టిగా, కుదురుగా అతికించాడు. ఊరి కోసం పెట్టింది ఒక చివరే అతికించిన మనిషి, తన కోసం పెట్టుకున్నది రెండు చివరలా అతికించాడు.

అది విరిగి ఉంది. రెండు ముక్కల మధ్య నా చిటికెనవేలు దూరేంత సందు.

తల ఎత్తి దూలాన్ని చూశాను. వెనక ఆసరా పోయింది. తొమ్మిది రోజులుగా అంత బరువూ ఈ గోడ ఒక్కటే మోస్తోంది. మోస్తూ మోస్తూ వీధిలోకి ఒరుగుతోంది. అరచేత్తో దూలాన్ని తట్టాను. కట్టె పలికే తీరు నాకు తెలుసు.

"అందరూ లేవండి. చెప్పులూ చాపలూ వదిలెయ్యండి. చప్పుడు చెయ్యకుండా వంటింటి దారిన వెళ్ళండి."

"ఏమైందయ్యా?" అని టై బాబు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. "నేను చూశానన్నాను కదా..."

"మీరు గోడ చూశారు సార్. క్యాలెండరు ఎత్తలేదు."

వచ్చి చూశాడు. నోటుబుక్కు కిందపడేసి, కాళ్ళు రాని అత్తగారిని రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచాడు. ఆ ముసలావిడ అతని టైని గట్టిగా పట్టుకుని, "ఎక్కడికి నాయనా, నా కొడుకు వస్తాడు," అంటూనే ఉంది.

నాలుగూ ఇరవై ఎనిమిదికి అందరం వీధికి అవతల ఉన్నాం. బయటికొచ్చేటప్పుడు గోడనుంచి ఊడదీసిన స్లైడు ముక్క ఒకటి నా చేతిలో ఉంది. ఆవిడ తీసుకుంది. మసక కొస మీద సన్నటి పెన్సిలు అక్షరాలు. పిన్నుతో గీసినంత చిన్నవి. ఆరేడు తేదీలు, ప్రతి తేదీ పక్కనా 'బాగుంది' అని. చివరిది వెనక గోడ పడిన మంగళవారం. పక్కన: 'పొద్దున 6.05. విరిగింది.'

లెక్క దానంతటదే పడింది. ఆరూ అయిదుకు ముందు గదిలో గాజు విరగడం చూశాడు. ఆరూ పదికి ఫోన్ చేశాడు. భార్య వచ్చేలోపల ఎలాగైనా నిలబెడదామని వెనక్కి వెళ్ళి గునపం పట్టుకున్నాడు. ఆరూ నలభైకి గోడ పడింది. ఆ నిమిషానికే ఆవిడ రోజూ వెనక గదిలోకి వెళ్ళి చీర మార్చుకునేది.

టై బాబు దగ్గాడు. "రిపోర్టు..." అన్నాడు.

"రాసుకోండి," అంది ఆవిడ. గొంతు స్థిరంగా ఉంది. "పెద్దాయన రెండోసారి వచ్చాడు. గాజు మార్చింది మా ఆయన."

"అలా రాస్తే మీకు కంపెనీ నుంచి ఏమీ రాదమ్మా."

"తెలుసు. రాయండి."

ఆవిడ అంత చెప్పాక నేను నోరు మూసుకుని కూర్చోవడం కుదరలేదు. "ఇంకో వాక్యం కూడా రాయండి సార్. పెద్దాయనకి ఆర్నెల్లుగా కళ్ళు కనపడవు. కనపడి ఉంటే అది తన గాజు కాదని అక్కడే తెలిసేది." నా గురువును నేనే ఆ కాగితం మీదికెక్కించాను. జైలు తప్పుతుందేమో. రేపట్నించి ఆయన్ని ఎవరూ పిలవరు. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకున్న చెయ్యి ఇంకా అలాగే ఉన్నట్టనిపించింది.

లోపల దూలం మూలిగింది. పెంకులు నాలుగు జారి వీధిలో పడ్డాయి. కిటికీలోంచి మూలన అట్టపెట్టె కనిపిస్తోంది. దాని చుట్టూ తాడు, పదకొండేళ్ళ నాటి ముడి. ఆవిడ ఆ వైపు ఒక్క అడుగు వేసింది. నేను జబ్బ పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

"ఇంట్లో పాలున్నాయి బాబాయ్," అంది పెట్టెనే చూస్తూ. "ఆ రోజు వంటింట్లోకి వెళ్తే గిన్నె నిండా ఉన్నాయి, మూత కూడా పెట్టి ఉంది. ఇన్నుండగా నన్నెందుకు తిప్పాడా అని, అంత ఏడుపులోనూ ఆయన మీద కోపమొచ్చింది నాకు."

ముందు గోడ ఒక్కసారిగా వీధిలోకి ఒరిగింది. దుమ్ము మా మీదికి వచ్చింది. అది అణిగేదాకా ఆవిడ కళ్ళు మూయలేదు. ఇప్పుడు కిటికీ లేదు, పెట్టె లేదు.

"నువ్వెళ్ళి తెచ్చుకోలేవా అన్నాను ఫోన్లో. అదే నా చివరి మాట."

"అతనేమన్నాడమ్మా?"

ఆవిడ స్లైడు ముక్కను కొంగున ముడివేసుకుంది.

"తొందరేం లేదు, నెమ్మదిగా రా అన్నాడు."